జమ్మూలో తీసుకున్న గన్ లైసెన్స్, హైదరాబాద్‌లో ఆగిపోయిన రెన్యూవల్

ప్రశ్న:

సార్, నమస్కారం. నేను ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. మాది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. 2014లో జమ్మూ వైపు పోస్టింగ్‌లో ఉన్నప్పుడు అక్కడి జిల్లా మెజిస్ట్రేట్ ఆఫీసులో గన్ లైసెన్స్ తీసుకున్నాను. ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్. సర్వీసులో ఉన్నంతకాలం రెన్యూవల్స్ ఇబ్బంది లేకుండా అయ్యాయి. రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక ఏజెన్సీలో క్యాష్ వ్యాన్ గన్‌మన్‌గా చేస్తున్నాను. ఇంకో నెలన్నరలో లైసెన్స్ గడువు అయిపోతుంది. ముందుగానే ఇక్కడ రెన్యూవల్‌కి పెట్టుకున్నాను. లైసెన్స్ అసలుదో కాదో చెప్పమని, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) పంపమని జమ్మూకి రాశాం, అక్కడి నుంచి జవాబు రాలేదు అంటున్నారు. ఎప్పుడు వెళ్లినా అదే మాట. అక్కడికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది, దానికీ ఒక కొర్రీ వేశారు. ఒక ఏజెంట్ పాతిక వేలిస్తే జమ్మూలోనే రెన్యూవల్ చేయించి పుస్తకం కొరియర్‌లో తెప్పిస్తానంటున్నాడు. మా ఏజెన్సీ సూపర్‌వైజరేమో "అప్లై చేసిన రసీదు ఉందిగా, గడువు దాటినా డ్యూటీకి రా, ఎవడూ అడగడు" అంటున్నాడు. పిల్లల చదువులు ఈ జీతం మీదే నడుస్తున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు:

హవల్దార్ గారూ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీ సూపర్‌వైజర్ మాట. ముందు దాని సంగతి తేల్చి, తర్వాత జమ్మూ దగ్గరికి వెళ్దాం.

గడువు దాటిన లైసెన్స్‌తో తుపాకీ దగ్గర పెట్టుకుంటే చట్టం దృష్టిలో అది లైసెన్స్ లేని తుపాకీయే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ నేరానికి శిక్ష పెంచారు. ఇప్పుడు రెండేళ్లకు తక్కువ కాకుండా అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. "అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది సార్" అంటే నాకాబందీలో ఆపిన ఎస్సై నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. క్యాష్ వ్యాన్ కదా, దారిలో ఏ చిన్న గొడవ జరిగినా మొదట అడిగేది మీ లైసెన్స్ పుస్తకమే. ఆ రోజు "ఎవడూ అడగడు" అన్న సూపర్‌వైజర్ మీ పక్కన ఉండడు. ఏజెన్సీ కూడా "అతని లైసెన్స్, అతని బాధ్యత" అని చేతులు దులుపుకుంటుంది. ఇప్పుడు మీరు దరఖాస్తుదారు. గడువు దాటాక ఒక్క డ్యూటీ చేస్తే ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంది, ఆ తర్వాత రెన్యూవల్ అనే మాటే ఉండదు.

అందుకని గడువుకు కనీసం వారం ముందే రెన్యూవల్ చేతికి రాకపోతే తుపాకీ డిపాజిట్ చేసేయండి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలరు దగ్గర గానీ అప్పగించవచ్చు. సర్వీసులో ఉన్నవాళ్లకు యూనిట్ ఆర్మరీ సౌకర్యం కూడా ఉంది. రిటైరయ్యారు కాబట్టి మీకు అది వర్తించదు. స్టేషన్‌లో అయితే మాల్‌ఖానాలో (వస్తువులు దాచే గదిలో) చోటు లేదని, ఆఫీసర్ లేరని తిప్పుతారు. పైగా ఆ తేమలో ఏడాది పడి ఉంటే బ్యారెల్‌కి తుప్పు పట్టడం ఖాయం. డీలరు నెలకింత అద్దె తీసుకుంటాడు, కానీ నూనె రాసి, గుడ్డ చుట్టి పెడతాడు. నన్నడిగితే డీలరే నయం.

తీసుకెళ్లేటప్పుడు తూటాలు వేరుగా, తుపాకీ కవర్‌లో, లైసెన్స్ పుస్తకం జేబులో. గడువు ఉండగానే వెళ్లాలి. గడువు దాటాక దాన్ని వీధిలోకి తీసుకెళ్లడమే నేరమవుతుంది. రసీదులో తుపాకీ నంబరు, తయారీ, ఎన్ని తూటాలు, ఏ తేదీ అన్నీ రాయించుకోండి. "ఒకటి డీబీబీఎల్ (డబుల్ బ్యారెల్) గన్" అని గీకి ఇచ్చే రసీదు తర్వాత మీకు దేనికీ పనికిరాదు. ఇంకొకటి కూడా ఉంది. డిపాజిట్ చేసిన ఆయుధాన్ని చాలాకాలం వెనక్కి అడగకపోతే ప్రభుత్వం జప్తు చేసుకునే వీలు అదే సెక్షన్‌లో ఉంది. రెన్యూవల్ దరఖాస్తు నడుస్తోంది, ఆ కారణంగానే డిపాజిట్ చేశాను అని లైసెన్సింగ్ ఆఫీసుకి ఒక ఉత్తరం ఇచ్చి, ఆ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

ఇక జమ్మూ. మీ ఫైలు ఎందుకు కదలడం లేదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 2012 నుంచి 2016 మధ్య జమ్మూ కశ్మీర్‌లో 2.78 లక్షలకు పైగా గన్ లైసెన్సులు అర్హత లేనివాళ్లకు ఇచ్చారని సీబీఐ ఆరోపించింది. మొదట 2017లో రాజస్థాన్ ఏటీఎస్ (పోలీసుల ఉగ్రవాద నిరోధక దళం) తీగ లాగితే డొంక కదిలింది, 2018లో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. అక్కడ జిల్లా మెజిస్ట్రేట్లుగా పనిచేసిన ఐఏఎస్‌లు కూడా అరెస్టయ్యారు. ఇంకా చేదు నిజం ఏమిటంటే, ఆ దొంగ లైసెన్సుల్లో చాలావాటిని సైనికుల పేరు చెప్పుకునే సృష్టించారన్న ఆరోపణ ఉంది. మీ లైసెన్స్ ఏడాది 2014. మీరు దక్షిణాది నుంచి వెళ్లినవారు. ఫైలు చూసే గుమాస్తాకి ఈ రెండూ కలిసి ఎలా కనిపిస్తాయో మీరే ఊహించుకోండి. అక్కడివాళ్లు సంతకం పెట్టడానికి జంకుతారు, ఇక్కడివాళ్లు ఆ సంతకం లేకుండా ముట్టుకోరు. నిజంగా సరిహద్దులో నిలబడి వచ్చిన మనిషి ఈ మధ్యలో నలిగిపోవడం అన్యాయం. కానీ ఆ అనుమానం మీ మీద కాదు, మీ పుస్తకం మీద ఉన్న ఏడాది మీద. కాబట్టి దాన్ని పోగొట్టే కాగితాలు మీరే సమకూర్చుకోవాలి.

అన్నిటికన్నా బలమైన కాగితం, 2014లో మీరు ఆ జిల్లాలోనే పోస్టింగ్‌లో ఉన్నారని చూపేది. మీ రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకి రాసి ఆ కాలానికి సర్వీసు వివరాలు తెప్పించుకోండి. లైసెన్స్‌కి పెట్టినప్పుడు కమాండింగ్ ఆఫీసర్ ఇచ్చిన సిఫారసు కాపీ పాత ట్రంకు పెట్టెలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) ఎలాగూ ఉంటాయి. తుపాకీ కొన్న బిల్లు దొరికితే అదీ జత చేయండి. ఈ కట్టను ఇక్కడి ఫైల్లో ఒకటి పెట్టించండి, జమ్మూకి ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి.

తర్వాత యూఐఎన్. లైసెన్సులన్నిటినీ కేంద్రం ఒక జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించి ఒక్కోదానికి ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చింది. అది లేని లైసెన్స్ చెల్లదు. మీ పుస్తకంలో ఆ సంఖ్య ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే సగం గెలిచినట్టే, ఎందుకంటే మీ రికార్డు అక్కడి ఆఫీసు చేతుల మీదుగానే ఆన్‌లైన్‌లోకి వెళ్లిందని అర్థం. అయితే ఆ రికార్డు ఇప్పటికీ జమ్మూ ఖాతాలోనే ఉంది. అక్కడివాళ్లు విడుదల చేస్తే గానీ ఇక్కడివాళ్ల స్క్రీన్ మీద మీ పేరు రెన్యూవల్‌కి రాదు. కాగితం మీద వచ్చే ఎన్‌ఓసీ ఒకటి, ఆన్‌లైన్‌లో జరిగే ఈ బదిలీ ఒకటి. చాలామంది ఎన్‌ఓసీ తెచ్చి చేతికిచ్చి, అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోతారు. మీరు జమ్మూకి రాసే ప్రతి ఉత్తరంలోనూ రెండూ అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన చిన్న పని ఒకటి, దీనికి పైసా ఖర్చు లేదు. ఈసారి ఆఫీసుకి వెళ్లినప్పుడు "రాశామండీ" అన్న మాటతో వెనక్కి రాకండి. ఏ తేదీన రాశారు, ఆర్.సి. నంబరు (ఉత్తరం మీద వేసే ఆఫీసు నంబరు) ఎంత, పోస్టులో పోయిందా మెయిల్‌లో పోయిందా, ఏ హోదా పేరున పోయింది, ఈ నాలుగూ అడిగి రాసుకోండి. నేను మెజిస్టీరియల్ సెక్షన్లో ఉన్న రోజుల్లో చూసిందే చెబుతున్నాను. ఫైల్లో డ్రాఫ్టు ఉంటుంది, ఆఫీసర్ సంతకం ఉంటుంది, డిస్పాచ్ రిజిస్టరులో మాత్రం ఆ ఉత్తరం పోయినట్టు ఒక్క గీతా ఉండదు. ఫెయిర్ కాపీ అదే ఫైల్లో అట్ట వెనక ఇరుక్కుని ఉంటుంది. సెక్షన్‌లో అందరూ "జవాబు రాలేదు" అనే చెబుతుంటారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్లూ అదే నమ్ముతుంటారు.

ఉత్తరం నిజంగా వెళ్లిందని తేలితే, ఆ నంబరు, తేదీ వేసి జమ్మూలోని జిల్లా మెజిస్ట్రేట్ ఆఫీసు పౌర సమాచార అధికారికి ఆర్టీఐ పెట్టండి. 2019 అక్టోబర్ 31 నుంచి కేంద్ర సమాచార హక్కు చట్టమే అక్కడా అమల్లో ఉంది. పది రూపాయల ఇండియన్ పోస్టల్ ఆర్డర్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపితే చాలు, ఇంగ్లీషులో రాయండి. "నాకు ఎన్‌ఓసీ ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు. ఎందుకు అనే ప్రశ్నకు ఆర్టీఐలో జవాబు రాదు. ఫలానా నంబరు ఉత్తరం మీకు ఏ తేదీన అందింది, ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎవరి దగ్గర ఉంది, ఫలానా లైసెన్స్ నంబరు మీ రిజిస్టరులో ఉందా, ఉంటే ఆ పేజీ నకలు ఇవ్వండి. ఇంతే. నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే పై అధికారికి అప్పీలు. ఆ రిజిస్టరు పేజీ నకలు వస్తే అదే సగం ధ్రువీకరణ. నా అనుభవంలో ఆర్టీఐ అందిన చోట జవాబు కంటే ముందు ఫైలే కదిలింది. ఇంతసేపు ఎవరి టేబుల్ మీద ఉందో తెలియని కాగితానికి అప్పుడు ఒక పేరు అంటుకుంటుంది మరి.

మీరు రాయని విషయం ఒకటి ఉంది. జమ్మూ నుంచి వచ్చి హైదరాబాద్‌లో కాపురం పెట్టినప్పుడు ఆ సంగతి లైసెన్సింగ్ అధికారులకు తెలియజేశారా? నివాసం మారి తుపాకీ వెంట తెచ్చుకుంటే 30 రోజుల్లోగా పాత అధికారికీ కొత్త అధికారికీ ఇద్దరికీ రాతపూర్వకంగా చెప్పాలన్నది నిబంధన. ఫౌజీల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. పోస్టింగ్ మారినప్పుడల్లా యూనిట్ చూసుకుంది కాబట్టి బయట కూడా ఎవరో చూసుకుంటారనుకుంటారు. మీరూ చెప్పి ఉండకపోతే దాచకండి. రిటైర్మెంట్ తేదీ, హైదరాబాద్ వచ్చిన తేదీ, తెలియక ఆలస్యమైందన్న మాట, ఒక పేజీలో రాసి ఇవ్వండి. పోలీసు విచారణలో బయటపడితే అది లోపంగా రికార్డవుతుంది. మీరే ముందు రాస్తే వివరణగా ఉంటుంది.

అలాగే పుస్తకంలో ఏరియా అనే చోట ఏముందో చూడండి. "ఆల్ ఇండియా" అని ముద్ర ఉంటే దానికి వేరే గడువు రాసి ఉందేమో చదవండి. లైసెన్స్ గడువూ ఆ అనుమతి గడువూ వేరువేరుగా ఉండొచ్చు. జమ్మూ కశ్మీర్ వరకే అని ఉంటే మాత్రం, గడువు దాకా కూడా ఆగొద్దు. ఇవాళే లాయర్‌తో మాట్లాడి తుపాకీ డిపాజిట్ చేయండి. తెలంగాణలో మీరు దాన్ని మోయడానికి అసలు అనుమతే లేనట్టు.

ఆధార్ కొర్రీ తేలికైనదే. ఇక్కడ అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో గ్యాస్ బుక్కో చూపి అడ్రసు మార్పించుకోండి. కానీ ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మీ నివాసం హైదరాబాదా, గిద్దలూరా? రెండు చోట్లా ఉండాలని చూస్తే రెండు స్టేషన్ల నుంచీ "విచారించగా సదరు వ్యక్తి ఇక్కడ నివాసం లేడు" అని రిపోర్టు పోతుంది. ఉద్యోగం, కుటుంబం ఇక్కడ ఉన్నాయి కాబట్టి ఇక్కడే అని తేల్చుకోండి. బీట్ కానిస్టేబుల్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా ఉండేలా చూడండి, తుపాకీ పెట్టే తాళం బీరువా చూపించండి. ఇంటి ఓనరుకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. అద్దెకున్న మనిషి దగ్గర తుపాకీ ఉందని పోలీసుల నోట మొదటిసారి వింటే ఆయన బెదిరిపోయి ఏదో ఒకటి అనేస్తాడు.

స్థానిక స్టేషన్ రిపోర్టు నిర్ణీత గడువులో రాకపోతే దానికోసం ఆగకుండా లైసెన్సింగ్ అధికారి ఉత్తర్వు ఇవ్వొచ్చని ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో ఉంది. అది చూపించి జమ్మూ జవాబు లేకుండానే రెన్యూవల్ చేయమని వాదించమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. ఆ వెసులుబాటు స్థానిక పోలీసు రిపోర్టుకే. లైసెన్స్ అసలుదా నకిలీదా అన్న ప్రశ్నకు అది పనికిరాదు.

ఏజెంట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, వద్దు. పైన చెప్పిన 2.78 లక్షల లైసెన్సుల వెనక ఉన్నది ఇలాంటి దళారులూ, డబ్బు తీసుకున్న డీలర్లూ అనే కదా సీబీఐ కేసు. మీరు హైదరాబాద్‌లో ఉండగా జమ్మూలో రెన్యూవల్ ముద్ర పడిందంటే, అక్కడ మీ నివాసం గురించి ఎవరో అబద్ధం రాసి ఉండాలి. అది మీ పేరు మీద ఉంటుంది. అసలైన లైసెన్స్‌ని పాతిక వేలిచ్చి దొంగ లైసెన్స్ చేసుకోవడం అది.

జీతం సంగతి. మీ లైసెన్స్ ఆత్మరక్షణ కోసం ఇచ్చిందై ఉంటే, దాంతో ఏజెన్సీ డబ్బుకి కాపలా కాయడం మీద విచారణలో ప్రశ్న వస్తుంది. రెన్యూవల్ ఫారంలో ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏజెన్సీలకు వేరే దారి ఉంది. అనుమతి దొరికితే సంస్థే తన పేరున ఆయుధాల లైసెన్స్ తీసుకుని, కాపలా మనుషులను రిటైనర్లుగా, అంటే సంస్థ తుపాకీ మోసేవాళ్లుగా, నమోదు చేయించుకోవచ్చు. అలా చేస్తే మీలాంటివాళ్లు సొంత తుపాకీ తెచ్చుకోవాల్సిన పనిలేదు. కానీ దానికి ఖర్చుంది, జవాబుదారీ ఉంది. సొంత గన్ ఉన్న మాజీ సైనికుడు దొరికితే రెండూ తప్పుతాయి, అందుకే ప్రకటనల్లో "ఓన్ గన్ ఉన్నవారికి ప్రాధాన్యం" అని వేస్తారు. మీ మేనేజరుతో కూర్చుని, రెన్యూవల్ అయ్యేవరకు తుపాకీ లేని డ్యూటీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. జీతం కొంత తగ్గొచ్చు. అడుగుతూ రాసిచ్చిన ఆ ఉత్తరం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గడువు దాటిన తుపాకీతో డ్యూటీకి రమ్మన్న మాట వాళ్లు కాగితం మీద పెట్టలేరు, అది వాళ్లకూ తెలుసు. ఒప్పుకోకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. తుపాకీ అవసరం లేని సెక్యూరిటీ పోస్టులు కూడా వాళ్ల దగ్గరికి వస్తుంటాయి.

రెన్యూవల్ తిరస్కరిస్తే నోటి మాటతో ఒప్పుకోవద్దు. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, మీరు అడిగితే వాటి సారాంశం ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు. తిరస్కరించకుండా, ఇవ్వకుండా అలాగే నానబెడితే హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఇలాంటి వాటిలో కోర్టు సాధారణంగా "లైసెన్స్ ఇవ్వండి" అనదు, "ఇన్ని వారాల్లో ఏదో ఒక నిర్ణయం తీసుకోండి" అంటుంది. మీకు ఇప్పుడు కావాల్సిందీ అదే. అయితే ఆర్టీఐ జవాబు, డిపాజిట్ రసీదు, ముద్రలున్న ఉత్తరాలు చేతిలో ఉంటేనే రిట్‌కి బలం. అవి లేకుండా వెళితే లాయర్ ఫీజు వృథా.

ఆర్టీఐకి కూడా ఉలుకూ పలుకూ లేకపోతే ఒకసారి జమ్మూ వెళ్లి రావడమే మార్గం. మీకు ఆ దారి కొత్త కాదు. పాత యూనిట్‌లో తెలిసిన జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ఎవరైనా ఇంకా అటువైపు ఉంటే ముందు ఆయన్ని అడగండి, ఆర్మ్స్ సెక్షన్‌లో ఏ రోజు మనుషులుంటారో కనుక్కుంటారు. అసలు కాగితాలతో పాటు రెండేసి జిరాక్స్ సెట్లు, ఇక్కడి ఆఫీసు రాసిన ఉత్తరం కాపీ తీసుకెళ్లండి. వీలైతే ఇక్కడి సెక్షన్ వాళ్లను అడిగి ఒక రిమైండర్ మీ చేతికే సీల్డ్ కవర్లో ఇప్పించుకోండి, కొందరు ఇస్తారు. తుపాకీని మాత్రం డీలరు దగ్గరే ఉంచి, ఆ రసీదు పట్టుకుని రైలెక్కండి.